ముగ్గుల పోటీతో పాటు ఖాళీ చుక్కలు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మీ పేపరు మాకు పాతపట్నం మీదుగా వస్తుంది, వానలు గట్టిగా పడితే లేటు, లేకపోతే నేను షాపు తాళం తీసేసరికే షట్టర్ కింద నుంచి లోపలికి తోసేసి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. పిల్లలు బళ్ళో చదివింది ఒడియా, ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఇంట్లో తెలుగు అక్షరం కంటపడుతోందంటే చాలామటుకు మీ పేపరు వల్లే, అందుకే ఈ సంగతి మీకే రాయాలనిపించింది. గ్రాంథికం నాకు రాదండి, మాట్లాడినట్టే రాస్తున్నా, మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసింది మా ఊళ్ళోనే కాబట్టి ఆ ధైర్యం ఉంది.

విషయం ఏంటంటే, నెలగంట పెట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మీరు రోజూ ఒక ముగ్గు వేస్తారు, కింద ఇన్ని చుక్కలు, ఇంత వచ్చేదాకా, పంపినవారు ఫలానా అని. తర్వాత ముగ్గుల పోటీలు, బహుమతులు, ఫొటోలు. బాగానే ఉంటాయి, మా వీధి ఆడవాళ్ళు కత్తిరించి దాచుకుంటారు కూడా. కానీ నేను అడిగేది వేరే. ఏడాది పొడుగునా, వారానికి ఒక్కసారైనా సరే, ఒక మూల ఖాళీ చుక్కలు వేయండి. ముగ్గు వద్దు, చుక్కలు మాత్రమే. పెన్ను ఉన్న ఎవరైనా, మగాళ్ళైనా పిల్లలైనా, అక్కడే కూర్చుని ఓ పది నిమిషాలు కలుపుకునేలాగ. ఎందుకు అడుగుతున్నానో చెప్తాను, కాస్త పెద్ద కథే, ఓపిగ్గా చదవండి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర ఒడ్డు దాటింది, మీరంతా రాశారు అప్పుడు. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, దాని ముందు నా నష్టం నష్టమే కాదు, అయినా నా మటుకు నాకు అది పెద్ద దెబ్బే. షాపు వెనక గోడౌన్ రేకులు ఎగిరిపోయాయి, అట్టపెట్టెల్లో ఉన్న స్టాకంతా తడిసింది, మందులు ఒకసారి తడిస్తే ఇంక అమ్మకూడదు కదా, పారెయ్యడమే. డిస్ట్రిబ్యూటర్లకి కట్టాల్సిన బాకీ మాత్రం తడవలేదు. కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ లేదు, రాత్రిళ్ళు గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు గుండె దడదడలాడేది, పడుకుంటే కళ్ళ ముందు అంకెలే, ఎవరికి ఎంత ఇవ్వాలి అని. జనానికి రోజూ బీపీ బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చే నాకే బీపీ వచ్చింది.

అలాంటి ఒక రాత్రి దీపం పెట్టుకుని మా అమ్మ పలకా బలపం పట్టుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పుల వల్ల తను వాకిట్లో వంగి ముగ్గు పెట్టడం మానేసి అప్పటికి రెండేళ్ళు, అలవాటు మానలేక మా అమ్మాయి చిన్నప్పటి పలక మీద వేసుకునేది. నన్ను చూసి, "ఏటిరా అలగ కూకున్నావు, ఇలగ రా, ఈ సుక్కలు కలుపు" అంది. నాకు ముగ్గు రాదమ్మా అన్నాను. మగాడివి నీకెందుకు అనలేదు, "రాకపోతే ఏటి, సుక్క ఎక్కడికీ పారిపోదు" అంది.

ఐదు చుక్కలు, మూడు వచ్చేదాకా సందు చుక్కలు. అంటే మధ్యలో ఐదు, దానికి పైనా కిందా నాలుగేసి, మళ్ళీ మూడేసి, మొత్తం పంతొమ్మిది. సరి చుక్కలంటే ఒకదాని కింద ఒకటి వరసగా పడతాయి, సందు చుక్కలంటే రెండు చుక్కల మధ్య సందులో కిందది పడుతుంది, ఇది ముగ్గు వేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు కానీ నాలాంటి వాళ్ళు కూడా చదువుతారు కదా అని రాస్తున్నా. నేను చేసిన మొదటి పని గబగబా కలిపెయ్యడం, షాపులో బిల్లు రాసినట్టు. గీత వంకర పోయింది, తుడవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. తుడవొద్దు, దాన్నలాగే ఉంచి పక్కది చెయ్యి అంది. "సెయ్యి బిగబట్టకు, ఊపిరి బిగబట్టకు" అని రెండే మాటలు. అప్పటిదాకా నేను ఊపిరి బిగబట్టే గీస్తున్నానని నాకు తెలీనే తెలీదు. గీత గీస్తున్నంతసేపూ ఊపిరి మెల్లిగా వదలడం, చుక్క దగ్గర ఆగినప్పుడు తీసుకోవడం, అలా ఒక అరగంట అయ్యుంటుంది. ఆ అరగంటలో డిస్ట్రిబ్యూటర్ బాకీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. లేచాక మళ్ళీ గుర్తొచ్చింది, ఎందుకు రాదు, కానీ పీక మీద కాలేసి తొక్కుతున్నట్టు మాత్రం లేదు. ఆ రాత్రి నాలుగు గంటలు పడుకున్నాను, వారం రోజుల్లో అదే ఎక్కువ.

అప్పట్నుంచి ఇప్పటిదాకా నేను మానలేదండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా ఊళ్ళో షాపుకి ఎవరూ రారు, ఎండకి బజారు ఖాళీ. ముందు ఆ టైంలో ఫోన్ చూసేవాణ్ణి, చూసి చూసి కళ్ళు మండి, ఇంకా చిరాకుగా లేచేవాణ్ణి. ఇప్పుడు పాత బిల్లు బుక్కు వెనక పేజీ మీద బాల్ పెన్నుతో చుక్కలు పెట్టుకుంటాను. చుక్కలు పెట్టడం కూడా అందులో భాగమే అని మెల్లగా అర్థమైంది, ఒక్కో చుక్కా సమానంగా ఎడం చూసుకుని పెడుతుంటే ముందు కళ్ళు నెమ్మదిస్తాయి, తర్వాత చెయ్యి, తర్వాతెప్పుడో మనసు. ఎప్పుడైనా మనసు పక్కకి పోతే, పోతుంది, జీఎస్టీ కట్టాలి అనో ఇంకోటో, అప్పుడు తిట్టుకోకుండా పెన్ను మళ్ళీ ఎక్కడుందో చూసుకుని అక్కణ్ణుంచి మొదలెట్టడం. నాకు తెలిసిన పద్ధతి ఇంతే. రబ్బరు వాడను, పెన్సిలు కూడా వాడను, పెన్సిలైతే చెరపాలనిపిస్తుంది.

ఇంకోటి, మొదట్లో నేను ఒక తప్పు చేశాను. ఒకరోజు ముగ్గు బాగా కుదిరిందని ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. ఇంక ఆ రోజంతా ఎవరు చూశారు, ఎవరు ఏమన్నారు అని ఫోన్ తీసి తీసి చూడ్డమే సరిపోయింది, మర్నాడు గీస్తుంటే బాగా రావాలి బాగా రావాలి అని చెయ్యి మళ్ళీ బిగుసుకుంది. అమ్మకి చెప్తే, "ఎవలికి సూపిస్తావురా, తెల్లారితే తుడిసీదే కదా" అంది. నిజమే కదా, మన వాకిట్లో ముగ్గు ఎంత కష్టపడి పెట్టినా మర్నాడు కళ్ళాపి జల్లితే పోతుంది, ఎవరూ బాధపడరు, మళ్ళీ పెడతారు. అది తెలిసే పెడతారు కాబట్టే చెయ్యి అంత వదులుగా ఆడుతుందేమో. పోటీల్లో ఆ వదులు ఉండదు. మా మేనకోడలు ఒకసారి పోటీకి వెళ్ళి, టైం అయిపోయిందని విజిల్ వేసేసరికి రంగులు సగం కూడా నింపలేక అక్కడే ఏడ్చింది, తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ తర్వాత చాలా రోజులు ముగ్గుపిండి ముట్టలేదు. పోటీలు ఆపేయమని నేను అనట్లేదు, పోటీ ఒక్కటే ఉండడం బాలేదు అంటున్నాను.

మా అమ్మాయి బరంపురంలో సైకాలజీ చదువుతోంది. నేను చుక్కలు కలుపుతుంటే చూసి, నాన్నా దీని మీద స్టడీలు కూడా ఉన్నాయి అని చెప్పింది, నేను కూర్చోబెట్టి వివరంగా చెప్పించుకున్నాను, ఎందుకంటే షాపులో కూర్చుని ఎవరికైనా చెప్పాలంటే ఊరికే మా అమ్మ చెప్పింది అంటే సరిపోదు కదా. మనం టెన్షన్ పడితే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువ వస్తుంది. 2016లో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ గారూ వాళ్ళ టీమూ 39 మంది పెద్దవాళ్ళని తీసుకుని 45 నిమిషాలు పెన్నులు, బంకమట్టి, కాగితం ముక్కలు ఇచ్చి మీకు నచ్చింది చేసుకోండి అన్నారు, ముందూ తర్వాతా లాలాజలం తీసి చూస్తే దాదాపు 75 శాతం మందికి కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేయడం ముందే వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ తేడా లేదు, నాకు నచ్చింది అదే. అందరికీ తగ్గలేదు, కొంతమందికి పెరిగింది కూడా, పైగా 39 మంది అంటే తక్కువే, పక్కన పోల్చి చూడ్డానికి ఏమీ చెయ్యని ఇంకో గుంపు కూడా లేదు, కాబట్టి దీన్ని మందులాగా చెప్పకు నాన్నా అని మా అమ్మాయే హెచ్చరించింది.

ఖాళీ చుక్కలే ఎందుకు అడుగుతున్నానో దానికి ఇంకో స్టడీ పనికొస్తుంది. 2005లో కరీ, కాసర్ అని ఇద్దరు, వాళ్ళూ అమెరికావాళ్ళే, 84 మంది కాలేజీ స్టూడెంట్లకి ముందు కాస్త ఆందోళన కలిగేలా చేసి, తర్వాత కొంతమందికి గుండ్రటి మండల డిజైను, కొంతమందికి గళ్ళ డిజైను, కొంతమందికి ఉత్త తెల్ల కాగితం ఇచ్చి రంగులు వేయమన్నారు. డిజైను ఉన్నవాళ్ళకి ఆందోళన బాగా తగ్గింది, తెల్ల కాగితం వాళ్ళకి అంత తగ్గలేదు. ఇది వినగానే నాకు మా షాపుకొచ్చే జనం గుర్తొచ్చారు. ఎవరికైనా తెల్ల కాగితం ఇచ్చి ఏదైనా గీయండి అంటే వెంటనే నాకు రాదండీ అంటారు, కాగితం వెనక్కి ఇచ్చేస్తారు. అదే పంతొమ్మిది చుక్కలు పెట్టి ఇస్తే ఎవరూ రాదనరు, చెయ్యి దానంతట అదే వెళ్తుంది. చుక్క అంటే ఇక్కడ మొదలెట్టు అని చెప్తున్నట్టే కదా. మన అమ్మమ్మలు ఏ స్టడీ లేకుండా ఇది ఎంత తేలిగ్గా కనిపెట్టారో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. ముఖ్యంగా మెలికల ముగ్గు, చుక్కని తాకకుండా దాని చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ మొదలైన చోటికే గీత వచ్చి కలుస్తుంది చూడండి, దాన్ని వేసేటప్పుడు ఇంకో ఆలోచన పెట్టుకుంటే దారి తప్పుతాం, అందుకే ఆలోచన తనే పక్కకి తప్పుకుంటుంది. ఈ మెలికల్లో ఉన్న లెక్కని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ గారు, రాణీ సిరోమనీ గారు వాళ్ళూ 1970ల్లో కంప్యూటర్ సైన్సు పద్ధతిలో రాశారట, అరవం వాళ్ళు కోలం అంటారు, ఒకటే.

స్కూల్లో నోటుబుక్కు చివరి పేజీలో గీతలు గీస్తే మాకు దెబ్బలు పడేవి, పాఠం వినట్లేదని. 2009లో ఇంగ్లండులో జాకీ ఆండ్రేడ్ అనే ప్రొఫెసర్ 40 మందికి ఒక బోరు కొట్టే ఫోన్ మెసేజ్ రికార్డింగు వినిపించి, సగం మందిని వింటూ కాగితం మీద ఉన్న చిన్న చిన్న గళ్ళు, సున్నాలు పెన్సిలుతో నింపుతూ ఉండమన్నారు, తర్వాత అడిగితే అలా నింపినవాళ్ళకే 29 శాతం ఎక్కువ గుర్తుందట. మాస్టార్లు ఎవరైనా ఇది చదివితే కాస్త ఆలోచించాలి.

మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మా వీధిలో సగం తెలుగు ఇళ్ళు, సగం ఒడియా ఇళ్ళు. మార్గశిర మాసంలో మేం లక్ష్మివారం పూజ అంటాం, వాళ్ళు మాణబసా గురుబార అంటారు, రోజు ఒకటే, అమ్మవారూ ఒకటే. ఎదురింటి మావుసీ ఆ రోజు పొద్దున్నే బియ్యప్పిండి నీళ్ళలో కలిపి వేళ్ళతో ఝొటి వేస్తుంది, వరి కంకులు, లక్ష్మీదేవి పాదాలు గుమ్మం నుంచి లోపలి దాకా. అమ్మ ఇక్కడ పలక మీద చుక్కలు పెడుతుంది, ఆవిడ అక్కడ చుక్కలు లేకుండానే వేలితో గీసేస్తుంది, ఇద్దరూ ఆ టైంలో ఒక్క మాట మాట్లాడుకోరు, మామూలు రోజు అయితే అరగంట కబుర్లే. సెరంగో, గుమ్మ వైపు కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద తెల్లగా ఇడిటల్ బొమ్మలు వేస్తారు, ఇప్పుడవి చీరల మీద, గోడ గడియారాల మీద కూడా కనిపిస్తున్నాయి. వాటిని మాత్రం టెన్షన్ తగ్గించుకోడానికి కాపీ కొట్టమని నేను ఎవరికీ చెప్పను, అది వాళ్ళకి దేవుళ్ళకీ పెద్దలకీ ఇచ్చే ఇల్లు లాంటిది, వాళ్ళ పూజ. చూసి దణ్ణం పెట్టుకోవాలి. మనకి మన చుక్కలున్నాయి.

ఇంక షాపు మాట. వారానికి కనీసం నలుగురైదుగురు వచ్చి చీటీ లేకుండా నిద్ర మాత్ర అడుగుతారు, అన్నా ఒక్కటి ఇవ్వు, రెండు ఇవ్వు అని. ఆల్ప్రాజోలం లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చింది వేరే రిజిస్టర్లో రాయాలి, మూడేళ్ళు దాచాలి. అది రూలు అనే కాదు, ఆ మాత్రకి అలవాటు పడి వదిలించుకోలేక అవస్థ పడ్డవాళ్ళని నా కళ్ళతో చూశాను. మరి వట్టి చేతులతో పంపించడం కూడా బాధే. లోన్ వసూళ్ళకి ఊళ్ళు తిరిగే ఒక కుర్రాడు పోయిన వేసవిలో వచ్చాడు, రాత్రి మూడింటి దాకా నిద్ర పట్టట్లేదన్నాడు, టార్గెట్లు, పైనుంచి ఫోన్లు, కింద తిట్లు. మాత్ర ఇవ్వలేను బాబూ అని చెప్పి, బిల్లు కాగితం మీద ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు పెట్టి, ముప్పై ఏడు చుక్కలండి అవి, పడుకునే ముందు ఇది కలుపు, ఫోన్ వేరే గదిలో పెట్టు అని ఇచ్చాను. మొహం అదోలా పెట్టుకుని జేబులో పెట్టుకుని వెళ్ళాడు. వారం తర్వాత వచ్చాడు, కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది, నిండా గీతలే, ఒకదాని మీద ఒకటి. "నిద్ర ఇంకా సరిగ్గా పట్టట్లేదన్నా, గానీ ఆ పది నిమిషాలూ ఫోన్ ముట్టుకోలేదు, ఇంకోటి పెట్టి ఇవ్వు" అన్నాడు. పెట్టి ఇచ్చాను, దాంతో పాటు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళమని గట్టిగా చెప్పాను, వెళ్ళాడు. రెండూ కావాలి.

అందుకే ఒక మాట స్పష్టంగా వేయండి, ఈ లెటరు అచ్చు వేస్తే. చుక్కలు కలుపుతున్నాం కదా అని ఎవరూ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆపకూడదు, మానసిక ఇబ్బందికి డాక్టరు ఇచ్చిన మందు సొంతంగా మానకూడదు. మనసు మరీ బరువుగా ఉండి బతకాలని లేదు అనిపిస్తే టెలి మానస్ అని గవర్నమెంటు హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. నా షాపు అద్దం మీద ఆ నంబరు రెండు భాషల్లోనూ రాసి అంటించాను.

ఇంక చుక్కల సంగతి. ఎడిటర్ గారూ, మీరు ఒప్పుకుంటే కొన్ని చిన్న రిక్వెస్టులు. చుక్కల పక్కన ఇలా కలపండి అని జవాబు ముగ్గు వేయకండి, పజిల్‌కి వేసినట్టు మర్నాడు కూడా వేయకండి, అది వేస్తే అందరూ సరిపోయిందా లేదా అని చూసుకుంటారు, మళ్ళీ పరీక్షే అవుతుంది. గీసినవి పంపండి అని కూడా అడగకండి. ఒకవారం ఐదు సరి చుక్కలు, ఒకవారం సందు చుక్కలు, అలా మారిస్తే చాలు, దానికి ఆర్టిస్టు కూడా అక్కర్లేదు. చుక్కకీ చుక్కకీ మధ్య కనీసం అర అంగుళం ఎడం ఉండాలి, మా అమ్మకి ఇప్పుడు 77, శుక్లాల ఆపరేషన్ అయింది, చిన్న చుక్కలు కనపడవు, పలక మీద తడి బట్టతో తుడిచి తుడిచి చేతులు పగులుతున్నాయి, పేపరు మీదైతే మార్కర్ పెన్నుతో వేసుకుంటానంటోంది. ఇంకొక్కటి, ఆ పేజీ వెనకవైపు పెద్ద నల్ల ఫొటోగానీ చీరల షాపు రంగుల యాడ్ గానీ పడకుండా చూడండి, మీ పేపరు పల్చన, వెనకది ఇటు కనిపించి చుక్కలు అందులో కలిసిపోతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మెడికల్ షాపు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా